సముద్రపు బురదలో మందుల వెదుకులాట

వార్డులో మందుల ట్రాలీ మీద ఉన్న ఏ సీసానైనా చేతిలోకి తీసుకుని "ఇది ఎక్కడిది?" అని అడిగితే, లేబులు చూసి కంపెనీ పేరు, ఊరి పేరు చెప్పడం తేలికే. "ఇది మొట్టమొదట ఎక్కడ దొరికింది?" అని అడిగితే మాత్రం జవాబు కోసం తడుముకోవాలి. మా నర్సింగు పుస్తకాల్లో మందు మోతాదు ఉంటుంది, ఇచ్చే విధానం ఉంటుంది, దుష్ఫలితాలు ఉంటాయి. పుట్టుక గురించి ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ. ఆ కథ తెలిస్తే మందు మీద గౌరవం పెరుగుతుందనీ, దాన్ని వృథా చేయబుద్ధి కాదనీ మా నమ్మకం. అందుకే ఈసారి ఆ విషయం రాస్తున్నాం. చదవడానికి నర్సింగు చదువు అక్కరలేదు. ఇంట్లో ఒక్కసారైనా యాంటీబయోటిక్ వాడిన ప్రతివారికీ ఇది సంబంధించినదే.

ట్రాలీ మీద ప్రపంచ పటం

క్షయ రోగులకూ, కుష్ఠు రోగులకూ ఇచ్చే మందుల్లో ముఖ్యమైనది రిఫాంపిసిన్. అది వేసుకున్నాక మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడకండి అని ముందే చెప్పి పంపిస్తాం. దాని మూలపదార్థాన్ని తయారుచేసే బాక్టీరియా 1957లో ఫ్రాన్సు దక్షిణ తీరంలో ఒక పైన్ చెట్ల తోపులోని మట్టిలో దొరికింది. అంతకు ముందు క్షయకు మొదటి ఆశ కల్పించిన స్ట్రెప్టోమైసిన్ సూది మందు 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, ఆల్బర్ట్ షాట్జ్, సెల్మన్ వాక్స్‌మన్ అనే శాస్త్రవేత్తల చేతుల మీదుగా, అది కూడా మట్టి బాక్టీరియా నుంచే వచ్చింది.

మామూలు మందులు పనిచేయనప్పుడు సెలైనులో కలిపి నెమ్మదిగా ఎక్కించే వాంకోమైసిన్ కథ మరీ విచిత్రం. 1950ల మొదట్లో బోర్నియో అడవుల్లో పనిచేస్తున్న ఒక మిషనరీ, అమెరికాలో మందుల కంపెనీలో ఉన్న తన స్నేహితుడికి కొంచెం మట్టి పంపించారు. ఆ మట్టిలోని బాక్టీరియా నుంచి వచ్చిన మందు 1958లో వాడుకలోకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్రాణాల మీదికి వచ్చిన రోగులకు అది ఆసరాగా ఉంది.

ఇక మేము రోజూ వాడే సెఫ్ట్రియాక్సోన్. ఈ కుటుంబం మందులన్నిటికీ మూలం సముద్రపు ఒడ్డు. 1945లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, కల్యారీ పట్టణపు మురుగునీరు సముద్రంలో కలిసే చోట, జుసెప్పె బ్రోట్సు అనే ఆచార్యుడు ఒక బూజును పట్టుకున్నారు. టైఫాయిడు క్రిములను అది చంపుతోందని గమనించారు. తర్వాత ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ దాన్నుంచి సెఫలోస్పోరిన్-సి అనే పదార్థాన్ని వేరుచేశారు. సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ అని "సెఫ్"తో మొదలయ్యే పేర్లన్నీ ఆ వంశం నుంచి వచ్చినవే.

మట్టి వాసన వెనుక ఉన్న జీవులు

తొలకరి చినుకు పడగానే నేల నుంచి కమ్మటి వాసన వస్తుంది కదా. ఆ వాసనకు ముఖ్య కారణం మట్టిలో ఉండే ఒక రకం బాక్టీరియాలు. వాటిని యాక్టినోమైసీట్లు అంటారు. బూజులాగా సన్నటి దారాలుగా పెరుగుతాయి. మనం వాడే యాంటీబయోటిక్ మందుల్లో పెద్ద భాగం వీటి కుటుంబం నుంచి వచ్చినదే.

అవి మన కోసం మందులు చేయవు. చిటికెడు మట్టిలో కోట్లాది సూక్ష్మజీవులు ఒకే తిండి కోసం పోటీపడుతుంటాయి. పక్కవారిని అదుపులో పెట్టడానికో, తమవారికి కబురు అందించడానికో అవి రకరకాల రసాయనాలు తయారుచేసి బయటికి వదులుతాయి. వాటిలో కొన్ని మన రోగక్రిములకు విషంగా పనిచేసి, మనకు పెద్దగా హాని చేయవు. అలాంటివే మందులవుతాయి.

ఈ కథలో మన గోదావరి బిడ్డకూ స్థానం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నారు. ఆయన విభాగంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి పరీక్షించేవారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో బంగారు రంగు బాక్టీరియా ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందులలో అది మొదటిది. ఇప్పుడు మనం వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే. సుబ్బారావు గారు అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు బిళ్ల డీఈసీ కూడా ఆయన బృందం ఇచ్చినదే. అయితే అది మట్టిలో దొరికింది కాదు, ప్రయోగశాలలో చేసినది.

మట్టి గని ఎందుకు ఎండింది?

1940 నుంచి 1960ల దాకా కొత్త మందులు వరసగా వచ్చాయి. ఆ తర్వాత వేగం తగ్గింది. మట్టి తెచ్చి, బాక్టీరియా పెంచి, క్రిముల మీద పరీక్షించి, ఎంతో శ్రమపడి పదార్థాన్ని వేరుచేస్తే, చివరికి అది ఎప్పుడో దొరికిన స్ట్రెప్టోమైసినో, టెట్రాసైక్లినో అని తేలేది. దొరికినదే మళ్లీ మళ్లీ దొరకడంతో ఖర్చు దండగ అనుకుని చాలా కంపెనీలు ఈ పని మానుకున్నాయి.

క్రిములు మాత్రం ఆగలేదు. ఉన్న మందులకు అవి అలవాటు పడిపోతున్నాయి. కల్చర్ రిపోర్టు వచ్చినప్పుడు మందుల పేర్ల ఎదురుగా "లొంగుతుంది", "లొంగదు" అని గుర్తులు ఉంటాయి. "లొంగదు" అనే గుర్తులు పై నుంచి కింది దాకా వరసగా ఉన్న రిపోర్టు చేతికి వస్తే ఆ రోగి మంచం దగ్గర నిలబడే నర్సుకు గుండె బరువెక్కుతుంది. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2019లో ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బాక్టీరియాల మూలంగానే చనిపోయారు.

మన రాష్ట్రాల్లోనే కళ్లు తెరిపించే ఉదాహరణ ఉంది. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న క్రిమికి మనం ఇచ్చే బిళ్ల ఏపాటి?

అంటే కొత్త మందులు కావాలి. వాటి కోసం కొత్త చోట వెదకాలి, కొత్త పద్ధతిలో వెదకాలి. ఆ చోటు సముద్రం. ఆ పద్ధతి జన్యువులను చదవడం, రసాయనాలను తూచి పోల్చడం.

ఉప్పునీరు లేనిదే బతకని బాక్టీరియా

భూమి మీద నూటికి డెబ్భై పాళ్లు సముద్రమే. దాని అడుగున ఉన్న బురదలో యాక్టినోమైసీట్లు కనిపించినా, అవి నదులు మోసుకెళ్లిన మట్టితోపాటు కొట్టుకుపోయినవేనని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా తీరంలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో విలియం ఫెనికల్, పాల్ జెన్సన్ ఆ మాట నమ్మి ఊరుకోలేదు. బహామా దీవుల దగ్గర సముద్రం అడుగున ఉన్న మట్టి తెచ్చి, సముద్రపు నీటితో చేసిన జావలో బాక్టీరియాలను పెంచారు. వాటిలో ఒక రకం మంచినీటి జావలో పెరగలేదు. ఉప్పునీరుంటేనే పెరిగింది. అది అచ్చంగా సముద్రపు జీవి అన్నమాట. దానికి సాలినిస్పోరా అని పేరు పెట్టారు.

దీనికి ఉప్పు ఎందుకంత అవసరమో తర్వాత జన్యువులు చదివినప్పుడు తెలిసింది. చుట్టూ ఉప్పు తగ్గితే నీరు కణంలోకి చొరబడుతుంది. అలాంటప్పుడు ఒత్తిడి తగ్గించి కణం పగలకుండా కాపాడే ఒక జన్యువు మిగతా బాక్టీరియాలలో ఉంటుంది. ఇది దాన్ని పోగొట్టుకుంది. నర్సింగు విద్యార్థినులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రక్తనాళంలోకి ఉత్త నీరు ఎక్కిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే మనం సెలైన్ ఎక్కిస్తాం.

ఈ సాలినిస్పోరా నుంచి 2003లో సాలినోస్పోరమైడ్-ఏ అనే పదార్థం బయటపడింది. క్యాన్సరు కణంలో పాత ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం లాంటి భాగం ఉంటుంది. ఈ పదార్థం దాన్ని పట్టి బిగించేస్తుంది. చెత్త పేరుకుపోయి ఆ కణం చచ్చిపోతుంది. ఈ పదార్థంలో ఒక క్లోరిన్ పరమాణువు ఉంది. అది సముద్రపు ఉప్పులోని క్లోరిన్. అది లేని రూపానికి అంత బలం లేదు.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. సాలినిస్పోరా జాతిలోనే మరో బాక్టీరియా రిఫామైసిన్లను తయారుచేస్తుంది. అంటే ఫ్రాన్సు మట్టిలో దొరికిన క్షయ మందు మూలపదార్థపు కుటుంబం సముద్రంలోనూ ఉంది!

కుండ చూసి వంట చెప్పడం

ఇప్పుడు జన్యువుల సంగతి. మన ఆత్రేయపురం వారికి ఇది చెప్పడం తేలిక. ఊళ్లో ఎవరింటికైనా వెళ్లినప్పుడు పొయ్యి మీద బోర్లించిన కుండ, పక్కన పల్చటి బియ్యప్పిండి జావ, తెల్లటి గుడ్డ, ఎండు కొబ్బరి ఆకు కనిపించాయనుకోండి. ఆ రోజు పొయ్యి వెలిగించకపోయినా, ఒక్క రేకు కూడా మన కంట పడకపోయినా ఆ ఇంట్లో పూతరేకులు చేస్తారని చెప్పేస్తాం. సామాను చూస్తే వంట తెలుస్తుంది.

బాక్టీరియా జన్యువులను చదవడం అలాంటిదే. ప్రతి జీవి కణంలోనూ డీఎన్ఏ అనే పొడవాటి దారం ఉంటుంది. అందులో నాలుగే నాలుగు అక్షరాలతో ఆ జీవి చేయగల పనులన్నీ రాసి ఉంటాయి. ఒక రసాయనాన్ని తయారుచేయడానికి కావలసిన జన్యువులు బాక్టీరియాలలో చాలావరకు పక్కపక్కనే ఒక గుంపుగా ఉంటాయి. ఆ గుంపు కనిపిస్తే, ఆ బాక్టీరియా ఏ రకం రసాయనం చేయగలదో ఊహించవచ్చు.

2002లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే మట్టి బాక్టీరియా డీఎన్ఏను పూర్తిగా చదివారు. సుమారు 87 లక్షల అక్షరాలు, 7,825 జన్యువులు. దాన్ని అప్పటికి ఎన్నో ఏళ్లుగా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. దాని నుంచి తెలిసిన రసాయనాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. జన్యువులు చదివితే 20కి పైగా గుంపులు కనిపించాయి. ఇంట్లో ఇరవై వంటలు తెలిసిన మనిషి, మన ముందు నాలుగే వండి చూపించినట్టు!

2007లో సాలినిస్పోరా ట్రాపికా డీఎన్ఏ కూడా చదివారు. దాదాపు 52 లక్షల అక్షరాలలో పదోవంతు ఇలాంటి రసాయనాల తయారీకే కేటాయించి ఉంది. మొత్తం 17 గుంపులు కనిపించాయి. ఒక గుంపును చూసి అది చేసే పదార్థం ఎలా ఉంటుందో ముందుగా అంచనా వేసి, ఆ ఆధారంతో సాలినిలాక్టం అనే కొత్త పదార్థం నిర్మాణాన్ని తేల్చారు.

2011లో ఈ గుంపులను కంప్యూటరే వెదికిపెట్టే యాంటీస్మాష్ అనే ప్రోగ్రాం వచ్చింది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కొద్దిపాటి డబ్బుతో నడిచే కాలేజీ ప్రయోగశాలకు కూడా ఈ దారి తెరుచుకుంది.

తూచి, పోల్చి, కొత్తదాన్ని ఏరడం

కుండ ఉన్నంత మాత్రాన రేకు చేతికి వచ్చినట్టు కాదు. బాక్టీరియా ఆ రసాయనాన్ని నిజంగా చేస్తోందా అని చూడాలి. ఇక్కడ రసాయన పరీక్షలు వస్తాయి.

బాక్టీరియా పెరిగిన జావలో వందలాది పదార్థాలు కలగలిసి ఉంటాయి. మొదట ఆ జావను సన్నటి గొట్టం గుండా పంపించి పదార్థాలను ఒకదాని వెనుక ఒకటి వచ్చేలా విడదీస్తారు. తర్వాత ద్రవ్యరాశి మాపకం అనే యంత్రం ఒక్కొక్క అణువునూ తూకం వేస్తుంది. అంతటితో ఆగక, అణువును పగలగొట్టి ముక్కలను కూడా తూస్తుంది. ఏ అణువు ఎలా పగులుతుందనేది దానికి వేలిముద్ర లాంటిది.

2016లో అమెరికా శాస్త్రవేత్తలు ఈ వేలిముద్రలను ప్రపంచమంతా పంచుకునే జీఎన్‌పీఎస్ అనే ఉమ్మడి భాండాగారం గురించి ప్రకటించారు. మన దగ్గరి వేలిముద్రను అందులో పోల్చి చూస్తే, అది ఎప్పుడో తెలిసిన స్ట్రెప్టోమైసినా, తెలిసిన పదార్థానికి చుట్టమా, లేక ఎవరితోనూ పోలిక లేనిదా అనేది మొదట్లోనే తెలిసిపోతుంది. ఎవరితోనూ పోలిక లేనిదాని మీదే శ్రమ పెడతారు. పాతది మళ్లీ మళ్లీ దొరికి మోసపోయే బాధ ఇలా తగ్గింది. చివరగా ఎన్ఎంఆర్ అనే పరీక్షతో ఆ పదార్థంలో ఏ పరమాణువు పక్కన ఏది ఉందో తేలుస్తారు. మనకు తెలిసిన ఎంఆర్ఐ స్కాను పనిచేసేది ఆ సూత్రం మీదే.

జన్యువులు "చేయగలదు" అని చెబుతాయి. రసాయన పరీక్ష "చేసింది" అని చెబుతుంది. రెండూ కలిస్తేనే నమ్మకం.

పొయ్యి వెలగని ఇంటి వంట వేరే ఇంట్లో

చాలా గుంపులు ప్రయోగశాలలో నిద్రపోతుంటాయి. సముద్రం అడుగున ఉన్న చలి, చీకటి, పోటీ జీవులు సీసాలో ఉండవు కదా. అప్పుడు ఏం చేస్తారు? కాలిఫోర్నియా తీరపు మట్టిలో దొరికిన శాకరోమోనోస్పోరా అనే బాక్టీరియాలో అలాంటి గుంపు ఒకటి కనిపించింది. వంటపుస్తకం ఉంది, వంట లేదు. స్క్రిప్స్‌లో బ్రాడ్లీ మూర్ బృందం ఆ జన్యువుల గుంపును మొత్తంగా తీసి, పెంచడానికి తేలికైన స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌లో పెట్టింది. అది టారోమైసిన్-ఏ అనే కొత్త యాంటీబయోటిక్‌ను తయారుచేసింది. 2014లో ఈ ఫలితం ప్రకటించారు. ప్రయోగశాల పరీక్షల్లో అది మొండి స్టాఫిలోకోకస్ మీద పనిచేసింది.

మరో ఉదాహరణ మడ అడవులది. కరీబియన్ సముద్రంలో మడ చెట్ల వేళ్లకు అంటుకుని పెరిగే మెత్తటి జీవి ఒకటి ఉంది. దాని నుంచి ట్రాబెక్టిడిన్ అనే క్యాన్సరు మందు వచ్చింది. దానికి ఐరోపాలో 2007లో, అమెరికాలో 2015లో అనుమతి ఇచ్చారు. కొద్దిపాటి మందు కోసం ఆ జీవులను టన్నుల కొద్దీ కోయాల్సి వచ్చేది. జన్యువులు చదివితే అసలు తయారీదారు ఆ జీవి కాదనీ, దాని ఒంట్లో కాపురముండే ఒక బాక్టీరియా అనీ తేలింది. ఈలోగా మందు తయారీకి కూడా వేరే బాక్టీరియా ఇచ్చే పదార్థంతో మొదలుపెట్టే పద్ధతి కనిపెట్టారు. ఇప్పుడు ఆ జీవులను ఊడ్చి తేనక్కరలేదు.

మన తీరం సంగతి

ధవళేశ్వరం బ్యారేజీ దిగువన మన మండలాన్ని ఒరుసుకుని పారే గౌతమి, యానాం దాటి సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అడవులున్నాయి. 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. తీపి నీరూ ఉప్పు నీరూ కలిసే మొగల్లో, రోజుకు రెండు పోట్లకు తడిసి ఆరే బురదలో సూక్ష్మజీవులు లెక్కకు అందవు.

మన శాస్త్రవేత్తలు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు. విశాఖపట్నం తీరపు సముద్రపు మట్టి నుంచి యాక్టినోమైసీట్లను వేరుచేసిన సంగతి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య ఎల్లయ్య, ఆయన సహచరుడు 1987లోనే ప్రకటించారు. 2004లో ఆయన బృందమే కాకినాడ తీరపు బంగాళాఖాతం మట్టి మీద చేసిన పరిశోధనను ప్రచురించింది. హైదరాబాదులోని జేఎన్‌టీయూ, హైదరాబాదు విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆచార్య శశికళ, ఆచార్య రమణ, వారి బృందాలు మన తీరంలో కొత్త బాక్టీరియాలను కనిపెట్టి వాటికి మన ఊళ్ల పేర్లే పెట్టారు. 2007లో ప్రకటించిన వాటిలో థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, థయోరోడోకాకస్ భీమ్లికస్, రోడోవులం విశాఖపట్నమెన్స్ ఉన్నాయి. కాకినాడ, భీమిలి, విశాఖపట్నం పేర్లు ఇలా ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కాయి. ఇవి ఇంకా మందులు కావు. కాని ఏ జీవి ఎక్కడుందో పేరు పెట్టి, భద్రపరచి, నలుగురికీ అందుబాటులో ఉంచితేనే తర్వాతివారు వాటి జన్యువులు చదవగలరు.

2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన లోతు సముద్ర పథకంలో సముద్రగర్భ జీవరాశుల అన్వేషణ ఒక భాగం. మన బురదలోని జీవుల మీద మనకు హక్కు కూడా ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు ఇక్కడి జీవులను పరిశోధనకు తీసుకోవాలంటే అనుమతి కావాలి. వాటి వల్ల లాభం వస్తే అందులో వాటా ఇవ్వాలి. మడ అడవిని నరికి చెరువు తవ్వినప్పుడు పోయేది చెట్లు మాత్రమే అనుకోకూడదు. ఎవరూ ఇంకా చదవని పుస్తకాలు కూడా వాటితో పోతాయి.

మందు కావడానికి ఎంత కాలం?

ఇదంతా చదివి, రేపే కొత్త మందు వస్తుందని ఎవరూ అనుకోవద్దు. కొత్త పదార్థం దొరికాక ప్రయోగశాలలో, జంతువుల మీద, తర్వాత కొద్దిమంది మనుషుల మీద, ఆ తర్వాత వందలమంది మీద పరీక్షించాలి. దీనికి పది పదిహేనేళ్లు పట్టడం మామూలు. చాలా పదార్థాలు మధ్యలోనే ఆగిపోతాయి.

సాలినోస్పోరమైడ్-ఏ సంగతే చూడండి. మారిజోమిబ్ అనే పేరుతో దాన్ని రోగుల దాకా తెచ్చారు. మెదడులో వచ్చే ఒక తీవ్రమైన క్యాన్సరుకు ఏడు వందల మందికి పైగా రోగులతో పెద్ద పరీక్ష జరిగింది. మామూలు చికిత్సకు దీన్ని జోడించినా రోగుల ఆయుష్షు పెరగలేదని 2024లో ప్రచురించారు. దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. సముద్రం అడుగు నుంచి ఆసుపత్రి దాకా ఇరవై ఏళ్లకు పైగా నడిచిన దారి అది. దాని నుంచి నేర్చుకున్న పద్ధతులు మిగిలాయి. మందు మాత్రం ఆ రోగులకు అందలేదు.

"సహజంగా దొరికింది కదా, హాని ఉండదు" అనే మాట కూడా మేము తరచు వింటాం. బాక్టీరియా రసాయనాలు అసలు పుట్టిందే తోటి జీవులను లొంగదీయడానికి. పరీక్షలు కాని సహజ పదార్థం, పరీక్షలు కాని కృత్రిమ పదార్థంలాగే ప్రమాదకరం.

అందాకా మన పని

"సిస్టరమ్మ గారూ, కాస్త బలమైన సూది మందు వేయించండి, రేపు కోతల్లోకి వెళ్లాలి" అని జలుబుతో వచ్చినవారు అడుగుతుంటారు. వారి ఇబ్బంది మాకు తెలుసు. రోజు కూలి పోతే ఇల్లు గడవదు. కాని జలుబు తెచ్చేది వైరస్. యాంటీబయోటిక్ దాన్ని ఏమీ చేయలేదు. ఆ మందు ఒంట్లోని మామూలు బాక్టీరియాలకు మొండితనం నేర్పి పోతుంది. రేపు అదే మనిషికి న్యుమోనియా వస్తే, అదే ఇంట్లో కోడలికి కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్ వస్తే, ఆ మందు పనిచేయకపోవచ్చు. కొత్త మందు సముద్రం అడుగు నుంచి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. ఆ రోగికి మూడు రోజులు కూడా ఆగే వ్యవధి ఉండదు.

అందుకే ఈ కింది విషయాలు ప్రతి ఇంట్లో పాటించాలని కోరుతున్నాం.

1. జలుబుకు, మామూలు గొంతు నొప్పికి యాంటీబయోటిక్ అడగవద్దు. ఆయాసం, విడవని జ్వరం, మగత ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

2. మందు అట్ట వెనుక నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. 2016 నుంచి ప్రభుత్వం ఈ గీత గురించి ప్రచారం చేస్తోంది. కొనేముందు అట్ట తిప్పి చూడండి.

3. డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు వాడండి. క్షయ మందులు రెండు నెలలకే ఆకలి పుట్టి ఒళ్లు తేరుకుందని ఆపేయవద్దు. రిఫాంపిసిన్‌కు లొంగని క్షయను నయం చేయడం ఎంతో కష్టం.

4. ఒకరికి రాసిన మందు మరొకరికి ఇవ్వవద్దు. మిగిలినవి దాచుకుని మళ్లీ వాడవద్దు. కాలువలోనూ పారేయవద్దు. మా ఫార్మసీలో అడిగితే ఏం చేయాలో చెబుతారు.

5. యాంటీబయోటిక్ మొదలుపెట్టే ముందు కల్చర్ పరీక్షకు రక్తమో, మూత్రమో అడిగితే విసుక్కోవద్దు. ఏ మందు పనిచేస్తుందో చెప్పేది అదే.

6. రొయ్యల చెరువులు, చేపల చెరువులు, కోళ్ల ఫారాలు ఉన్నవారు నిపుణుల సలహా లేకుండా మేతలో యాంటీబయోటిక్ కలపవద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు రొయ్యల సాగులో నిషేధం. చెరువు నీరు కాలువలోకీ, కాలువ నీరు మన ఇళ్లలోకీ వస్తుంది.

7. సబ్బుతో చేతులు కడుక్కోండి. నీరు కాచి తాగండి. పిల్లలకు టీకాలు వేళకు వేయించండి. రాని జబ్బుకు మందు అక్కరలేదు.

మా సిబ్బందికి కూడా ఒక మాట. ఒక రోగి నుంచి మరో రోగికి మొండి క్రిమిని మోసుకెళ్లే దారి ఎక్కువసార్లు మన చేతులే. మంచం మారిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవడం, యాంటీబయోటిక్ డోసును రాసిన వేళకే ఇవ్వడం, చార్టులో రోజు లెక్క స్పష్టంగా రాయడం మన బాధ్యత. ఈ మందులు వెదికి తెచ్చినవారు ఎక్కడెక్కడివారో. వాటిని చెడకుండా నిలబెట్టే పని మాత్రం ప్రతి వార్డులో, ప్రతి షిఫ్టులో మనదే.